చిక్కుడు గింజంత

పొద్దున్నే సుధ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. గింజ తగిలినప్పుడల్లా బొటనవేలు ఆగిపోతోంది. పది రోజుల కిందట స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి తగిలిన గడ్డ సరిగ్గా ఇంతే ఉంది. డాక్టరమ్మ పరీక్షకు శనివారం రమ్మంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. గడ్డ ఒక భయమైతే, చెబితే భర్త వాసు ఏమంటాడోనన్నది అంతకు మించిన భయం. ఏడేళ్లుగా పక్కన పడుకునే మనిషికి చెప్పుకోవడానికి ఇంత గుండెదడ ఎందుకో ఆమెకే అర్థం కాలేదు.

పోయిన వారం సుధ పనిచేసే బేగంపేట ఆఫీసులో భార్యాభర్తల మధ్య నమ్మకం గురించి క్లాసు పెట్టారు. "నమ్మకం పెద్ద పెద్ద మాటలతో రాదమ్మా. ముందు చిన్న భయమొకటి చెప్పి చూడండి. దాన్నేం చేస్తారో, రేపు పెద్దదాన్నీ అదే చేస్తారు" అంది క్లాసు చెప్పిన సైకాలజిస్టు. అందరూ నవ్వుతూ రాసుకున్నారు. సుధ రాసుకోలేదు, మనసులో పెట్టుకుంది.

అందుకే నిన్న కాఫీ ఇస్తూ వాసుతో అంది. "నాకు లిఫ్టంటే భయమండీ. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇరుక్కుపోయాను. ఎక్సర్‌సైజని చెప్పి ఆఫీసులో రోజూ నాలుగంతస్తులూ ఎక్కేది అందుకే."

వాసు నవ్వలేదు. "అవునా" అన్నాడంతే. ఆ ఒక్క మాటకే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గడ్డ సంగతి రేపు చెప్పేద్దామనుకుంది.

ఆ రేపే ఇది. ఫోన్ మోగితే స్పీకర్ నొక్కింది. అనకాపల్లి నుంచి అత్తగారు గంగాదేవి.

"ఏటే సుధా, లిఫ్టు నిన్ను మింగేత్తాదేటే? మావోడు మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎట్టేడు. మీ మావయ్య నవ్వలేక సచ్చేడు."

గెడ్డానికి సబ్బు నురగతో వాసు తొంగిచూశాడు. "సరదాకి పెట్టానే. ఇంకేటి దాచేవు? అదీ చెప్పు, అదీ పెడతాను."

సుధ చేతిలో గింజ చితికిపోయింది.

"ఇంకేం లేదండీ" అంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో, పక్క సీటు బ్యూలాకు గడ్డ సంగతి చెప్పింది. సగం మాటలు మింగేసింది. బ్యూలా అన్నం పక్కకు జరిపి మొత్తం విన్నది.

"శనివారం నేనొస్త. ల్యాబ్ ఏ ఫ్లోరు?"

"మూడు."

"అయితే జెర ముందుగాలనే పోదాం. నీకు లిఫ్ట్ పడదు కదా, మెల్లగ మెట్లెక్కుదాం."

సుధ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. లావు తగ్గాలంటూ రెండేళ్లుగా ఆఫీసు మెట్లు తనతోపాటే ఎక్కుతున్న బ్యూలాకు, లిఫ్టంటే భయమని సుధ ఏనాడూ చెప్పలేదు.