మాస్టారి ట్యూబు మీద కాలు

మా వాగులో గైడు పనంటే సగం నోటితో, సగం కాలితో. చేతులు బార్లా చాపితే రెండు గట్లూ తగిలే చోట ఇంకెలా చేస్తాం? గాలి నింపిన టైరు ట్యూబులో పడుకుని తేలుతూ వచ్చే టూరిస్టును పాదంతో నెడతాం, నడుం ఎత్తమని అరుస్తాం. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నదిదే.

ఆ రోజు మా అన్న కూతురు వెనింగ్‌కు పరీక్ష. అప్పటిదాకా మా గైడ్లలో ఆడమనిషి లేదు. నెగ్గితే వాగులో పని. లేదంటే నాలుగేళ్ళ కొడుకును తన తల్లి దగ్గర వదిలి, ఆదివారం ఓడెక్కి బతాం దీవిలో ఫ్యాక్టరీకి పోవాలి. ఈతలో అది నన్ను మించింది. వాగులో ప్రతి రాయీ దానికి తెలుసు. అయినా నాకు భయమే, ఎందుకంటే పరీక్ష పెట్టేది హర్జోనో మాస్టారు. ఊళ్ళో సగం మందికి చదువు చెప్పినాయన, మా గైడ్ల సంఘానికి పెద్ద. ఆయన ఎదురైతే నేనిప్పటికీ నడుం వంచి పక్కకు తప్పుకుంటాను. అలాంటాయన ఇస్త్రీ చొక్కా మీద లైఫ్ జాకెట్ బిగించుకుని ట్యూబులో కూర్చున్నారు. ఆయన వెనక సెమరాంగ్ నుంచి వచ్చిన నలుగురు కాలేజీ పిల్లలు. అందరికీ వెనక నేను.

మొదటి మలుపులో నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు. నడుం ఎత్తకపోతే రాయి తగులుతుంది. ముందు వెళ్తున్న వెనింగ్ గొంతు సవరించుకుని, మాస్టారూ, తమరు ఏమీ అనుకోకపోతే, కొంచెం వీలు చూసుకుని, అంటూ మొదలుపెట్టింది. ఆ మాట పూర్తయ్యేలోగా రాయి రానే వచ్చింది. మాస్టారు ఓ మూలుగు మూలిగి, ఆ వెంటనే ఏమీ జరగనట్టు ముఖం పెట్టారు. మా పెద్దలు నొప్పి కూడా మర్యాదగానే పడతారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాయికి నీ మర్యాదలు తెలుస్తాయా అని వెనక నుంచే దాన్ని దులిపేశాను. అది దిగులుగా తల ఊపింది. నిజం చెప్పొద్దూ, అసలు కష్టం ముందుంది. అక్కడ మాస్టారి వైపు కాలు చాచాలి. నేనైనా ఆ పని చేయగలనో లేదో.

రెండో మలుపులో రెండు బండల మధ్య ఒక్క ట్యూబు పట్టే సందు. గైడు బండ మీద కూర్చుని, వచ్చిన ట్యూబును పాదంతో తిప్పి సందులోకి పంపాలి. మాస్టారి ట్యూబు అడ్డంగా వచ్చింది. వెనింగ్ కాలు లేచింది, మళ్ళీ ముడుచుకుంది. కాలికి బదులు చెయ్యి చాచింది. అందలేదు. ట్యూబు సందుకు అడ్డంగా ఇరుక్కుపోయింది. వెనక పేరుకున్న నీళ్ళు మాస్టారి భుజాలెక్కాయి. ఆయన కంగారుగా బండను పట్టుకున్నారు. వేళ్ళు నలిగేది సరిగ్గా అక్కడే. నేను ఒక చేత్తో చెట్టు వేరు, ఇంకో చేత్తో పిల్లల ట్యూబులను కలిపి కట్టిన తాడు పట్టుకుని ఉన్నాను. కదిలే వీలు లేదు.

వెనింగ్ ఆయనకు చేతులు జోడించింది. ఇంకేముంది, ఆదివారం ఓడే అనుకున్నాను. జోడించిన చేతులు దించకుండానే కాలెత్తి, మాస్టారి చెవి పక్కన, ట్యూబు మీద పాదం ఆనించింది.

"చేతులు తియ్! నడుం ఎత్తు!"

సొంత కొడుకును కసిరినట్టు కసిరింది. మాస్టారు టక్కున ఎత్తేశారు. అది ఒక్క తన్ను తన్నింది. ట్యూబు గిర్రున తిరిగి, సందులోంచి జారి, అవతల మడుగులో పడింది.

రేవులో అల్లం టీ, టెంపే అనే సోయా ముక్కల వేపుడు పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. వెనింగ్ తల వంచుకుని నిలబడింది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. మాస్టారు నడుం రుద్దుకుంటూ దాని ముందుకొచ్చారు.

"మొదటి మలుపులో మర్యాద చేశావు, నడుం పోయింది. రెండో దాంట్లో తన్నావు, బతికాను. రేపు మా మనవలొస్తున్నారు. వాళ్ళను మొదటి మలుపు నుంచే తన్నమ్మా."

వెనింగ్ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. మాస్టారు ఇబ్బందిగా అటు తిరిగి, మెట్ల వైపు నడుస్తూ జాకెట్ విప్పబోయారు.

"విప్పకండి," అంది వెనింగ్ కళ్ళు తుడుచుకుంటూ. "మెట్లు పాచి పట్టున్నాయి. పైకెక్కేదాకా ఉంచుకోండి."

మాస్టారు జాకెట్ మళ్ళీ బిగించుకున్నారు.