నాలుగో నాళం

జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టి, ముద్ద చేసి, పసిబిడ్డకు పెట్టినట్లు భర్తకు పెట్టడం నాగలక్ష్మమ్మకు ఆ నెలలో నిత్యకృత్యమైంది. ఓబుళేశు కుడి దవడలోని పాతమూత పన్ను చీముపట్టి, పోటు కణత దాకా ఎగబాకుతోంది. ఆ మంగళవారం ఉదయం కూడా అతడు నాలుగు ముద్దలు మింగి, తుండుగుడ్డ దవడకు చుట్టుకొని, గని యజమాని కొడుకు హర్షవర్ధన్ కారులో వెనుక సీటున కూర్చొని కర్నూలుకు బయలుదేరాడు.

డాక్టర్ సుప్రజ దంతవైద్యశాల గోడకు ఒక పలక వేలాడుతూ ఉంటుంది: “రాజీ పళ్లు మంగళవారం మాత్రమే చూడబడును.”

ఆ సీమలో తగవు తీరి రాజీ కుదిరిన నాడు, సాక్షి దవడపన్ను తొలిపించి, బయటపడకూడని సంగతిని వాని నోటనే ఒక్కమారు చెప్పించి, ఆ మాట వేరులోకి దిగిన మరుక్షణం గులాబిరంగు జిగురుపుల్లలతో నాళాలను మూయించడం ఆచారం. మూత పడిన పిమ్మట ఆ సంగతి మనసులో మెదలుతుంది గాని నాలుక మీదికి రాదు. మూత పాడై పన్ను పుచ్చితే మళ్లీ తొలవవలసిందే. పాత పుల్ల ఊడివచ్చేటప్పుడు దాని కింద అణగి ఉన్న మాట, మూసిన నాటి గొంతుతోనే వెలువడుతుంది. అందుచేత మూయించిన పక్షంవారు కుర్చీ పక్కన కాపలా కూర్చుంటారు; తక్కినవారు వెలుపలికి పోతారు. విన్నదానిని విననట్లుండటం వైద్యుల ధర్మం.

వరుసలో ఓబుళేశు పక్కన కూర్చున్న నందికొట్కూరు ముసలాయన పలకరించాడు.

“ఏమప్పా, నీదెన్నేండ్ల మూత?”

“పన్నెండు.”

“మేలప్పా. నాది గట్టు తగాదాది, మూడేండ్లకే కారిపాయ. పెండ్లిలో లడ్డు కొరికితి, గట్టు మాట సగం బయటపడె. మా దాయాదులు ఆకు ముందర్నుంచి లేసి కొట్టుకున్యారు. నీ సంగతేందో?”

ఓబుళేశు నోరు తెరిచాడు. నాలుక ఎండిన తోలువలె అంగిట అంటుకుంది.

“చెప్పేదే అయితే మూయించుకుంటావా? ఊరికే అడిగినాలే,” అని ముసలాయన నవ్వాడు.

ఓబుళేశు నవ్వలేదు. గది లోపల, పళ్లెంలో సూదులు సర్దుతున్న ఆయమ్మ మీదనే అతని చూపు ఉంది. ఆమె పేరు విశ్వాసమ్మ. మూతికి ఆకుపచ్చ ముసుగు కట్టుకొని, కళ్లు మాత్రమే కనబడేటట్లు నిలబడి ఉంది. ఆమె భర్త బసవన్న పన్నెండేండ్ల కిందట హర్షవర్ధన్ తండ్రి సుబ్బయ్య నాపరాయి గనిలో రాళ్లు కోసేవాడు. ఒకనాటి నుండి కనబడలేదు. ఎవతెనో వెంటబెట్టుకొని బెంగుళూరికి పారిపోయాడని గని వారు చెప్పారు. ఊరు నమ్మింది. మొగుడు విడిచిన ఆడదన్న పేరు ఆమెకు స్థిరపడిపోయింది. సంఘపు విందుల్లో ఆమెను చివరి పంక్తిలో కూర్చోబెట్టారు. ఆమె మాత్రం నమ్మలేదు. నమ్మకుండా ఉండేందుకు ఆధారమూ దొరకలేదు. నేటికీ బెంగుళూరు బస్సు దిగేవారి ముఖాలు చూస్తుందని అందరూ ఎరుగుదురు.

ఆ కాలంలో ఆమె సుబ్బయ్య వాకిలికి పదే పదే వచ్చి నిలబడింది. కారు అద్దాలు ఎత్తుకొని తండ్రీ కొడుకులు ఆమె పక్కనుండే పోయేవారు. గనిలో యంత్రం తోలే ఓబుళేశు చేయి పట్టుకొని కూడా ఆమె అడిగింది: “అన్నా, నీకేమన్నా తెలుసునా?” అప్పటికి అతని పన్ను మూసి తొమ్మిది దినాలైంది.

కడపలో తెలిసిన వైద్యుడున్నాడని హర్షవర్ధన్ ఎంత చెప్పినా, కర్నూలు మేడం చేయి తేలికని ఓబుళేశు మొండికేసింది విశ్వాసమ్మ ఇక్కడ పనిచేస్తున్నదని విన్న తరువాతనే. నాలుక ఎటూ చెప్పనీయదు. పన్నే చెప్పాలి. ఆమె చెవిన బసవన్న చావు కబురు పడాలి. అతని కోరిక అంతవరకే. ఆపై ఒక మాట ఉంది. దానిని అతడు సుబ్బయ్యకు కూడా చెప్పలేదు. చెప్పనిది పంటిలో ఉండదు గదా అనుకున్నాడు.

పిలుపు వచ్చింది. హర్షవర్ధన్ లోపలికి వస్తూనే గది నాలుగు మూలలూ పరికించాడు.

“మేడం, ఇది మా నాయన చేయించిన రాజీ. బయటోళ్లు ఎవరూ ఉండకూడదు.”

“నర్సును బయటికి పంపిస్తాను. ఎంగిలి పీల్చే గొట్టం పట్టుకునేదానికి మాత్రం ఒక మనిషి కావాల,” అన్నది సుప్రజ.

అతడు విశ్వాసమ్మ వైపు చూశాడు. చూశాడనడం కంటె, అటువైపు తల తిప్పాడనడం సరి.

“ఆయమ్మే గదా. ఆమె ఉంటే ఏమిలే. ఎవరూ వద్దంటాండా, అంతే.”

ఓబుళేశు కళ్లు మూసుకున్నాడు.

మత్తుసూది దిగింది. పన్నొక్కటే పైకి కనబడేటట్లు నోటికి రబ్బరు తెర కట్టారు. పెదవులకు ఇక పని లేదు. సుప్రజ ఎక్స్‌రే చిత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పాత మూతను తొలిచింది. నీలగిరి తైలం రెండు చుక్కలు వేసి, గులాబి జిగురు మెత్తబడేదాకా నిరీక్షించి, సన్నని సూదిని మెలితిప్పుతూ మొదటి నాళంలోకి దించింది. తైలపు ఘాటుతోపాటు పాత నెత్తుటి వాసన వచ్చింది. పుల్ల ముక్కలు ముక్కలుగా తెగి, చివరి ముక్క సూదికి చుట్టుకొని వచ్చింది. దాని వెంట గొంతు వచ్చింది; నలభై ఆరేండ్ల వయసు నాటి ఓబుళేశు గొంతు.

“పొద్దున పదిగంటలకు రాయి జారింది. బసవన్న దాని కింద పడినాడు.”

గొట్టం చప్పుడు మారలేదు. అది పంటి పక్కన పెట్టినచోటనే కదలక నిలిచింది. ఓబుళేశు కనురెప్పల సందునుండి పైకి చూశాడు. ముసుగు మీది కళ్లు గొట్టం పీల్చే ఎంగిలినీటి మీద కాదు, పంటి మీద ఉన్నాయి.

హర్షవర్ధన్ ఫోనులో ఏదో చదువుకుంటున్నాడు. ఆ మాట అతనికి తెలిసినదే.

రెండో నాళం: “సుబ్బయ్య పెద్దాయన వచ్చినాడు. గని మూయిస్తారు, కేసయితాది, పారిపోయినాడని చెప్దామన్యాడు.”

మూడో నాళం: “చెత్తరాయి పోసి పూడ్చమన్యాడు. యంత్రం నేనే తోలినా. తూరుపు కుప్ప, చింతమాను దిక్కున.”

“మూడూ అయిపోయినాయి గదా మేడం. కొత్తగా మూసేయండి,” అని హర్షవర్ధన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సుప్రజ వినలేదు. అద్దంతో పంటి అడుగును వెదకుతోంది.

“ఈ పంటికి నాలుగో నాళం ఉండాది. పాత డాక్టరు దీన్ని చూడనే లేదు. మూడే మూసి పంపించినాడు. ఇన్నేండ్లూ ఇది లోపల్లోపల కుళ్లుతాండాది.”

ఓబుళేశు తల అడ్డంగా ఊపబోయాడు. రబ్బరు తెర, ఉక్కు కొక్కెము అతనిని కదలనీయలేదు. గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. నొప్పి అనుకొని సుప్రజ భుజం తట్టింది. “అయిపోయ పెద్దాయనా, ఇదొక్కటే.”

సూది దిగింది. దానిని ఆపేందుకు అక్కడ జిగురు లేదు. చీము ఉబికి వచ్చింది. విశ్వాసమ్మ గొట్టంతో పీల్చింది. తెల్లగా, పచ్చగా, తరువాత ఎర్రగా అది పోతూనే ఉండగా గొంతు మొదలైంది. ఈ గొంతు ఎవరికో చెప్పుతున్నట్లు లేదు. తనలో తాను లెక్కలేనిమార్లు అనుకొని అరిగిపోయినట్లు ఉంది.

“మొదటి కుప్ప పోసినాక కింద నుంచి పిలిచినాడు. బతికే ఉండాడు. ‘విశ్వాసూ’ అన్యాడు. మళ్లా అన్యాడు. నేను ఇంజను రేసు పెంచినా.”

సుప్రజ చేయి ఆగిపోయింది. ఆమె తల ఎత్తి విశ్వాసమ్మను చూసింది. విశ్వాసమ్మ ఎవరినీ చూడలేదు. గొట్టం పట్టుకొన్న వేళ్లు కొనల దాకా తెల్లబడ్డాయి. అయినా గొట్టం పన్ను విడిచి పోలేదు.

హర్షవర్ధన్ లేచి నిలబడ్డాడు. ముఖం కందింది.

“బతికి ఉండాడా? ఇది మా నాయన చెప్పలేదే. ఏమప్పా ఓబుళేశూ, ఇంత దాచిపెట్టినావా?” కుర్చీలోని మనిషి జవాబివ్వలేడని అప్పుడు గుర్తుకు వచ్చినట్లుంది. “మూసేయండి మేడం. నాలుగూ మూసేయండి. ఇప్పుడే.”

“చీము కారుతాంటే మూసేదానికి లేదు. వారం రోజులు మందు పెట్టల్ల. ఎండినాకనే.”

“మా నాయన కాలంలో ఒక్క పూటలో మూసినారు.”

“అందుకే గదా, ఈ పొద్దు మీరు నా దగ్గరికి వచ్చినారు,” అన్నది సుప్రజ. చేతిలోని సూది పళ్లెంలో పెట్టేసింది.

అతడు ఒక క్షణం ఆలోచించాడు. వకీలుతో మాట్లాడవలసి ఉంది. ఫోను తీసి తలుపు దాకా పోయి, వెనుదిరిగి విశ్వాసమ్మతో అన్నాడు:

“ఏమ్మా, ఈయప్పను ఈడ్నే కూర్చోబెట్టు. ఎవరినీ రానీయొద్దు, ఎవరితోనూ మాట్లాడనీయొద్దు. జాగ్రత్త.”

“సరే సార్,” అన్నది విశ్వాసమ్మ.

తలుపు మూసుకుంది. సుప్రజ నాళాల మీద దూది మాత్రం పెట్టింది. దూదికి మాట ఆగదు. రబ్బరు తెర విప్పి, చేతితొడుగులు తీసి పక్కగదిలోకి వెళ్లింది. వెనుక మెట్ల తలుపు తాళంచెవి బల్ల మీదనే ఉంచి వెళ్లింది.

పన్నెండేండ్ల తరువాత ఓబుళేశు నాలుక తడిసింది. అతడు కుర్చీలోంచి దిగి, ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూలబడ్డాడు. ఇన్నేండ్లుగా కూడబెట్టిన మాటలు ఒక్కటీ పనికివచ్చేటట్లు లేవు. కబురు చెప్పించి తాను తప్పుకోవచ్చుననుకొన్న తన తెలివి అతనికి అసహ్యమైంది.

విశ్వాసమ్మ ముసుగు తీసింది. దానిని మడుస్తూ అడిగింది.

“ఆ పొద్దు సద్ది తిన్నాడా?”

“తిన్నాడమ్మా. రొట్టె, చెనిక్కాయల పొడి. నాకూ సగం పెట్టినాడు.”

ఆమె తల ఊపింది. గొట్టాన్ని నీళ్లతో కడిగి కొక్కేనికి తగిలించింది. సూదుల పళ్లెం మూసింది. ఇంకెవరి కోసమో కాచుకోవలసిన పని లేనట్లు, నింపాదిగా చేతులు తుడుచుకుంది. ఆపైన గోడ పట్టుకొని, శబ్దం రాకుండా, ఒళ్లంతా అదిరేటట్లు ఏడ్చింది. ఓబుళేశు లేవలేదు. ఓదార్చే యోగ్యత తనకు లేదని అతనికి తెలుసు.

“లెయ్,” అన్నది చివరకు. “పా.”

వెనుక మెట్లు దిగి, చెత్తడబ్బాల సందుగుండా ఇద్దరూ రోడ్డు మీదికి వచ్చారు. ఎండ తెల్లగా కాస్తోంది. ఆమె ఆటోను ఆపి, ముందుగా ఎక్కి, ఒక అంచుకు జరిగి కూర్చుంది. ఓబుళేశు రెండో అంచున కూర్చున్నాడు. నడుమ ఇంకొక మనిషి పట్టేంత చోటు మిగిలింది.

“యాడికి?” అని ఆటోవాడు వెనక్కి తిరిగి ఆమెను అడిగాడు.

ఆమె రోడ్డును చూస్తూ కూర్చుంది.

“టేసనుకు,” అన్నాడు ఓబుళేశు. “పోలీసు టేసనుకు పోనీ నాయనా. ఒక మనిషిని బతికుండంగ పూడ్చినా. చెప్పల్ల.”

ఆటో కదిలింది. అతడు దారి పొడుగునా, అడగనివాడికి, మొదటి నుండి చెప్పసాగాడు.