దొంగ నాడి

కూతురు కళ్ళద్దాల దుకాణంలో పనికి వెళ్తానన్నప్పుడు తల్లి పెట్టిన షరతు ఒక్కటే. చేతికి స్మార్ట్‌వాచీ ఉండాలి. అది నాడి లెక్కబెట్టి తల్లి ఫోనుకు పంపుతుంది, పిల్ల ఎక్కడుందో చుక్కపెట్టి చూపిస్తుంది, చేతినుంచి తీస్తే ఫోను కుయ్యోమంటుంది. కూతురు గడప దాటిందంటే చాలు, బండ్లు గుద్దుకోవడాలు, కరెంటు తీగలు తెగిపడటాలు ఆవిడ కళ్ళముందు వరసకట్టేవి. తుమ్మితే న్యుమోనియా, ఆలస్యమైతే ఆసుపత్రి.

మొదట్లో అంకె తొంభై దాటినప్పుడల్లా ఫోను చేసింది. మెట్లెక్కానని ఒకసారి, నవ్వానని ఒకసారి జవాబొచ్చింది. ఎవరితో నవ్వావని అడిగింది. కూతురు ఫోను పెట్టేసింది. దాంతో అంకె నూరు దాటింది, ఆవిడ మళ్ళీ చేసింది.

ఒక ఆదివారం కూతురు వంటింటి బల్ల మీద గుడ్డ పరిచి, దుకాణం నుంచి తెచ్చిన సన్న స్క్రూడ్రైవరుతో వాచీ వీపు ఊడదీసింది. తల్లి టార్చి పట్టుకుంది. పేలుతుందేమోనని పక్కనే బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకుంది. కూతురు లోపలి బ్యాటరీ నుంచి వెంట్రుకలాంటి తీగలు రెండు పైకి లాగి, అంచున టంకం పెట్టింది. పనికిరాని కళ్ళద్దం ముక్కను గుండ్రంగా అరగదీసి, నల్లరంగు పూసి, లోపల ఆవగింజంత దీపం అతికించింది. నొక్కితే ఆ మూత వాచీ వెనక పట్టుకుని కూర్చుంది, దీపం లోపల మిణుకు మిణుకుమంది. ఇదెందుకే అంటే చెమట లోపలికి దిగకుండా అంది. చెమటకు దీపంతో పనేమిటని ఆవిడకు తట్టలేదు. ఆవిడ చూపంతా కూతురి వేళ్ళ దగ్గర పొగలు కక్కుతున్న టంకం కడ్డీ మీదే ఉంది.

ఆ తర్వాత నాడికి బుద్ధొచ్చింది. పొద్దున్న కాస్త ఎగిరి దిగినా, మధ్యాహ్నం అయ్యేసరికి డెబ్బై రెండు మీద కుదురుగా కూర్చునేది. పిల్ల నెమ్మదించిందని ఆవిడ పక్కింటావిడ దగ్గర పొంగిపోయింది.

అలాంటి ఒక మధ్యాహ్నం వీధిలో అంబులెన్సు అరుచుకుంటూ వెళ్ళింది. గబుక్కున ఫోను చూసుకుంది. చుక్క దుకాణంలోనే ఉంది. డెబ్బై రెండు. ఎవరి బిడ్డో పాపం అనుకుని నడుం వాల్చింది. ఏళ్ళ తరబడి ఎరగని పగటినిద్ర ముంచుకొచ్చింది.

దుకాణం యజమానురాలి ఫోనుకు మెలకువ వచ్చింది. "అక్కయ్యగారూ, కంగారుపడకండి. అమ్మాయి స్కూటరు మీంచి పడింది. కాలు విరిగింది, కట్టు కూడా వేసేశారు."

"మా అమ్మాయికి స్కూటరు రాదండీ."

"నేర్చుకుంటోంది. రోజూ మధ్యాహ్నం విరామంలో."

ఆవిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. డెబ్బై రెండే.

ఆసుపత్రికి వెళ్ళే దారిలో యజమానురాలు దుకాణం తెరిచి అమ్మాయి సంచీ ఇచ్చింది. సొరుగులో కళ్ళద్దాల ఫ్రేముల మధ్య వాచీ వెల్లకిలా పడి ఉంది. మూత అంచునుంచి దీపం నాడి కొట్టుకున్నట్టే వెలుగుతూ ఆరుతూ ఉంది. ఆవిడ గోటితో మూత ఊడబెరికింది. మరుక్షణం ఆవిడ చేతిలోని ఫోనే కుయ్యోమంది. ఇన్నాళ్ళూ ఏ కూతకు భయపడి బతికిందో అది ఇప్పుడు కూసింది.

కూతురు మంచం మీద కాలెత్తి పడుకుని ఉంది. పడగానే నాకెందుకు చెప్పలేదని తల్లి మొదలుపెట్టింది.

"కట్టు వేసేదాకా చెప్పొద్దన్నది నేనే. నువ్వొస్తే డాక్టర్లు నన్నొదిలేసి నిన్ను చూసుకోవాలి."

"నువ్వు రోడ్డు మీద పడుంటే నేను హాయిగా నిద్రపోయానే."

"పోన్లే అమ్మా. నా పుణ్యాన ఒక్క పూటైనా పడుకున్నావు."

తల్లి వాచీని కూతురి మణికట్టుకు బిగించింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోలేదు, ముఖం మాత్రం గోడవైపు తిప్పుకుంది. ఫోనులో నూట పద్దెనిమిది.

"నొప్పిగా ఉందా అమ్మడూ?"

"నొప్పికి మందిచ్చారు. ఇందాకటిదాకా బాగానే ఉన్నాను."

జ్వరం వస్తుందేమో, ఎముక వంకరగా అతుక్కుంటుందేమో, కుంటుతో మిగిలిపోతావేమో అని ఆవిడ అడుగుతూనే ఉంది. దుప్పటి లాగి సర్దింది. అంకె పైకి పోతూనే ఉంది.

నీళ్ళు పట్టుకొస్తానని సీసాతో వరండాలోకి వెళ్ళింది. కుళాయి కింద సీసా నిండేలోగా అంకె నూటికి దిగింది. ఆవిడ గబగబా వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. కూతురు ఇటు చూసింది. నూట పన్నెండు. ఒక అడుగు వెనక్కి వేసింది. గోడవారన బెంచీ మీద, లోపలికి కనబడనిచోట కూర్చుంది. తొంభై ఆరు. ఎనభై నాలుగు. సీసా ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి చప్పుడు కూడా వినబడకుండా చూసింది.

డెబ్బై రెండు అయ్యింది. ఈసారిది దొంగలెక్క కాదు.

అటుగా వచ్చిన నర్సును ఆపి సీసా చేతిలో పెట్టింది. లోపల మా అమ్మాయికివ్వమంది.