అడగవలసిన మనిషి

"మొగుడి సంతకం లేనిదే అబార్షను చెయ్యం," అంటూ డాక్టరు కాగితాన్ని చిన్నకోడలి మొహాన కొట్టాడు. ఆమెతో కలిసి చొక్కాలు కుట్టే మా షెడ్డు ఆడవాళ్లం కొందరం తోడొచ్చి ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాం. అందరం చూశాం.

మొగుడు లారీ మీద ఎటో పోయాడు. "ఇంట్లో పెద్దవాళ్లు పెట్టినా సరే," అన్నాడు డాక్టరు. అత్తామామలు పోయాక ఇంట్లో మిగిలిన పెద్దదంటే తోడికోడలే. మా షెడ్డులోనే కాలర్లు కుడుతుంది. కడుపు పండని మనిషి.

షెడ్డుకొచ్చి అడిగితే, "నేను పెట్టను," అంది పెద్దకోడలు.

"అక్కా, ఉన్న ఇద్దర్నే సాకలేక చస్తున్నాను."

"నాకు ఒక్కరు లేరు. నీకు ఎక్కువై పారేసుకుంటావు. అందుకు నా చెయ్యి కావాలా?"

ఆ కుళ్లు మాకు కొత్త కాదు. చిన్నకోడలు పిల్లకు పాలివ్వడానికి లేస్తే చాలు, పెద్దకోడలి మిషను ఆగిపోయేది. చూపు అటే ఉండేది.

సాయంత్రం బట్టల కట్టల మీద కూర్చుని మీటింగు పెట్టుకున్నాం.

"ఒక్క సంతకం గీకితే నీ సొమ్మేం పోయింది?" అని అందరూ పెద్దకోడలి మీద పడ్డారు.

"దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏం చేస్తారో చేసుకోండి."

యూనియను నడిపే, మేమంతా ఇస్త్రీ అత్త అని పిలిచే ఆవిడ అడ్డుపడింది. "మండనీ. అసలు దీని సంతకం ఆ డాక్టరుకెందుకు? ఏం చేస్తారో, ఏం ప్రమాదమో కడుపుతో ఉన్న మనిషికే విడమరిచి చెప్పాలి, ఆమెనే అడగాలి. చట్టమే అది."

పెద్దకోడలు కట్ట మీంచి లేచింది.

"నా గర్భసంచి తీసిన రోజు మా అత్త చేత సంతకం పెట్టించుకున్నారు," అంది. "నాకు మెలకువ వచ్చాక చెప్పారు."

మర్నాడు షెడ్డులో ఒక్క మిషనూ తిరగలేదు. అందరం వార్డు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాం. పోలీసులు వచ్చినా లేవలేదు. ముందు వరసలో పెద్దకోడలే ఉంది.

"నేను పెట్టను. ఇంకెవరూ పెట్టరు. దానికి చెప్పండి. దాన్నే అడగండి."

మధ్యాహ్నానికి డాక్టరు దిగొచ్చాడు. చిన్నకోడలి ఎదురుగా స్టూలు లాక్కుని అంతా చెప్పాడు. "నీకు ఇష్టమేనా?" అన్న మాట గుమ్మం దాకా వినిపించింది.

పెద్దకోడలు పళ్లు బిగించింది. "ఆ మాట కూడా దానికే దక్కింది," అంది.

ఆసుపత్రి పని ఆపిందని పోలీసులు పెద్దకోడలిని వ్యానెక్కించారు. మేం లేవబోయేసరికి, డాక్టరు కోసం వరసలో ఉన్న పరాయి ఆడవాళ్లు మొగుళ్ల సంతకాల కాగితాలు చింపేసి మా పక్కన కూర్చున్నారు.

"మమ్మల్నీ అడగమనండి," అంది అందులో ఒకామె.