ఇరవై రెండేళ్ళ కుడికాలు

చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో తెల్లవారడం ఉప్పుతోనే. డ్రైవరమ్మ మొగుడు ఐదున్నరకల్లా లేచి, చెవులకి మఫ్లరు చుట్టుకుని, ఉప్పు డబ్బా చంకలో పెట్టుకుని మెట్ల మీద చల్లడం మొదలుపెడతాడు. మెట్లయ్యాక గేటు, గేటయ్యాక వీధి మలుపు దాకా. ఉప్పు పడితే గడ్డకట్టిన మంచు కరుగుతుంది, కాదనను. కానీ వంటింట్లో నేల మీద కూడా చల్లే మనిషిని ఏమనాలి? పోయిన ఏడాది రేసులో పెళ్ళాం జారిపడి కాలు విరగ్గొట్టుకున్నప్పట్నుంచీ ఆయనకి ఎక్కడ చూసినా మంచే కనిపిస్తోంది.

"కూరలోకైనా కాస్త మిగల్చండి," అంటుంది డ్రైవరమ్మ, బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"నువ్వు పరిగెత్తడం మానెయ్, నేను ఉప్పు చల్లడం మానేస్తా."

ఈ మాటలు రోజూ అవుతాయి. రోజూ ఆవిడ నవ్వేసి వెళ్ళిపోతుంది. నవ్వుతుందన్నమాటే గానీ, గేటు దాటాక రోడ్డు మీది మంచు మీంచి చూపు తిప్పదు.

ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. సిటీ బస్సు నడుపుతుంది. కుడికాలికి మాత్రం ఇరవై రెండు.

పదకొండు వారాలు సిమెంటు కట్టులో ఉన్నాక, కట్టు కోసేసరికి కాలు అలా బయటికొచ్చింది. నున్నగా, బిగువుగా, ఒక్క నరం తేలకుండా. చీలమండ దగ్గర ఇంకా తడి ఆరని గాయం ఒకటి. నర్సు దూదితో అద్ది, "సైకిలు చువ్వలు గీరుకున్నట్టున్నాయే," అంది. డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుని, "అప్పుడప్పుడూ ఇలా అవుతుంది. రెండు కాళ్ళకీ పొత్తు కుదిరేదాకా ఓపిక పట్టాలి. ఇంకోసారి విరిగిందంటే మాత్రం ఇక చేతికర్రే. బస్సూ లేదు, పరుగూ లేదు," అన్నాడు.

డిపోలో పెద్ద గుమాస్తా మెడికల్ సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "లైసెన్సుకి పద్దెనిమిది దాటితే చాలు," అని ముద్ర గుద్దేశాడు.

పేచీ వచ్చిందల్లా ఇంట్లోనే. ఆవిడకి పెళ్ళయింది ఇరవై నాలుగో ఏట. అంటే ఆ కాలికి మొగుడు పరాయివాడు. పక్కన వచ్చి పడుకుంటే చాలు, ఫాట్‌మని తన్నేది. పాపం, ఆయన రెండ్రోజులు ఓర్చుకుని, మూడోరోజు దిండు తీసుకుని మంచానికి ఎడమవైపు మారాడు. "ఇదైతే నన్నెరుగును," అని ఎడమకాలు నిమిరి పడుకున్నాడు.

మళ్ళీ పరుగు నేర్పింది ఫిజియోథెరపీ అమ్మాయి. "మేడమ్, మీరు ఇద్దర్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారనుకోండి. ఎడమ పెద్దావిడ. ఆవిడ నిలదొక్కుకున్నాకే చిన్నదాన్ని కదలనివ్వండి," అనేది. చిన్నది వింటేనా! ముందుకి ఉరికేది, పెద్దది రొప్పుతూ వెనక పడేది, డ్రైవరమ్మ నడుము మధ్యలో నలిగేది. ఆవిడ పళ్ళు బిగించి లెక్కపెట్టుకుంటూ పరిగెత్తింది. ఆకులు రాలేనాటికి ఐదు కిలోమీటర్లు, మంచు పడేనాటికి పది. గంటా పదహారు నిమిషాలు. రేసులో గంటా ఇరవై దాటితే వెనకబడ్డవాళ్ళని చివరి బండి వచ్చి ఎక్కించేసుకుంటుంది. అంటే చేతిలో ఉన్నది నాలుగే నాలుగు నిమిషాలు.

సరే, పడిపోతానని ఒక భయం. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. ఆ కాలు తనని ఎటు తీసుకుపోతుందోనని.

ఆ సంగతి బస్సులో బయటపడింది. పాత మిల్లు రోడ్డు మీదుగా పోయే బస్సు ఆవిడ పంతొమ్మిదేళ్ళుగా అడిగి మరీ తప్పించుకుంటోంది. ఒకరోజు తోటి డ్రైవరుకి జ్వరమొచ్చి అదే నెత్తిన పడింది. మిల్లు దాటి, ఒక సందు మొదటికి రాగానే కుడికాలు బ్రేకు తొక్కేసింది. ఆవిడ కాదు, కాలు. అక్కడ స్టాపు లేదు. ఎంత లాగినా పాదం బ్రేకు మీంచి లేవదు.

"ఇక్కడ స్టాపు పెట్టారా? ఇన్నాళ్ళకి మా మొర విన్నారు తల్లీ!" అంటూ ఒక పెద్దాయన సంచీ సర్దుకుని దిగిపోయాడు.

ఆవిడ రెండు చేతులతో మోకాలు పట్టి ఎత్తి, బ్రేకు మీంచి తప్పించి, బస్సు కదిపింది.

ఆ సందులో మూడో ఇల్లు అమ్మది. ఇప్పుడు అక్క ఒక్కతే ఉంటోంది, కర్టెన్లు కుట్టుకుంటూ. ఇరవై రెండేళ్ళప్పుడు అమ్మా, అక్కా, తనూ అక్కడే ఉండేవాళ్ళు. మొదటి రేసుకి అక్కే సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. దారిలో పాదం చక్రంలో పడి చీరుకుపోయింది. అక్క దిగి, చేతిరుమాలు గట్టిగా కట్టి, "ఏడవకే. నేను చివర్లో నిలబడి చెయ్యి ఊపుతా. నా చెయ్యి చూసి పరిగెత్తు," అంది. ఆ తర్వాత ఏ రేసులోనైనా అక్క చెయ్యి కనపడిందంటే ఆవిడ వేగం పెంచేది. అదే అలవాటు.

ఆ అలవాటే కొంప ముంచింది. పంతొమ్మిదేళ్ళ కిందట, సరిగ్గా ఈ చలికాలం రేసు రోజే, అమ్మ మంచాన పడి ఉంది. "ఇవాళ ఒక్కరోజు మానెయ్యవే. అమ్మ ఊపిరి నాకు నచ్చట్లేదు," అంది అక్క. "గంటలో వచ్చేస్తా," అని ఈవిడ బయల్దేరింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర, సందు మొదట్లో అక్క నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఈవిడ కూడా నవ్వుతూ చెయ్యి ఊపి, ఇంకా వేగంగా వెళ్ళిపోయింది.

మెళ్ళో పతకంతో తిరిగొచ్చేసరికి అమ్మ లేదు. అక్క గుమ్మంలో అడ్డంగా నిలబడి, "నీ కాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కకూడదు," అంది. తొక్కలేదు.

ఆ తర్వాత ఒక్క చలికాలం కూడా ఆవిడ రేసు మానలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే అలవాటు అనేది. అసలు సంగతి మొగుడికి కూడా చెప్పుకోలేదు. ఒక్క ఏడాది మానగలిగితే, ఆ రోజు కూడా మానగలిగేదాన్నేనని ఒప్పుకున్నట్టే కదా! అందుకని ఏటా పరిగెత్తడం, ఆ సందు దగ్గర తల తిప్పుకుని అవతలి గోడ చూస్తూ దాటెయ్యడం. ఎడమకాలికి ఇదంతా తెలుసు. కుడికాలికి తెలీదు. దాని లెక్కలో అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంది.

రేసు రోజు పొద్దున్నే మొగుడు కోటు జేబులు రెండింట్లోనూ ఉప్పు పోసుకున్నాడు.

"నేను చివర్లో నిలబడతా. నేను లేనిచోట మాత్రం పడకు."

"పడేముందు ఫోను చేస్తాలెండి," అంది గానీ, బనీను మీద నెంబరు కాగితం రెండుసార్లు వంకరగా పెట్టుకుంది. ఆయన దగ్గరికొచ్చి తనే పెట్టాడు.

"కాలు ఆ సందులోకి తిరిగితే ఏం చేస్తావ్?" అన్నాడు నెమ్మదిగా.

ఆవిడ ఉలిక్కిపడింది. ఎప్పుడూ చెప్పలేదే!

"నిద్దట్లో తన్నేది నన్నే అనుకున్నావా? అది ఎప్పుడూ మిల్లు వైపే తంతుంది," అన్నాడాయన.

మూడు కిలోమీటర్ల దాకా బాగానే సాగింది. నోట్లోంచి ఆవిరి, రోడ్డు మీద ఇసుక, పక్కనెవరో దగ్గు. పోయిన ఏడాది పడ్డ వంతెన వచ్చింది. అక్కడ అందరూ పరిగెడుతుంటే ఆవిడ నడిచింది, కమ్మీ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ. పడలేదు. కానీ అక్కడే రెండు నిమిషాలు పోయాయి. ఆరో కిలోమీటరు, ఏడో కిలోమీటరు. వెనక్కి తిరిగితే దూరంగా చివరి బండి లైట్లు. మిల్లు పొగగొట్టం కనపడగానే కుడికాలు ఒకటే గంతులు. ఆవిడ ఒకటి, రెండు, పెద్దది, చిన్నది అని లెక్కపెడుతూనే ఉంది. దేవుడా, ఈ ఒక్క వంద గజాలు దాటించు చాలు అనుకుంది.

సందు మొదట్లో కుడికాలు తిరిగింది. ఎడమకాలు తిరగలేదు. ఆవిడ ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, పడబోయి, దీపస్తంభం వాటేసుకుని ఆగిపోయింది.

వెనకవాళ్ళు ఇద్దరు దాటిపోయారు. కుడికాలు నేలని తన్నుతోంది. ఎడమకాలు రోడ్డు వైపు బిగుసుకుపోయింది. ఇప్పుడు లాక్కుని పరిగెడితే ఇంకా టైముంది. ఆవిడ మొట్టమొదటిసారి తల తిప్పి సందులోకి చూసింది. మూడో ఇంటి మెట్ల మీద మంచు అలాగే ఉంది. ఎవరూ ఉప్పు చల్లలేదు. అది చూసేసరికి ఆవిడకి ఏడుపొచ్చింది.

చివరి బండి వచ్చి పక్కన ఆగింది. నడుపుతున్నది డిపోలో తోటి డ్రైవరే. అద్దం దించి, "డ్రైవరమ్మా, ఎక్కుతావా? పరిగెడతానంటే చెప్పు, ఒక్క నిమిషం మెల్లగా పోనిస్తా. ఎవరికీ చెప్పన్లే," అన్నాడు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, బనీను మీద నెంబరు కాగితం పీకి అతని చేతికిచ్చింది.

"రెండూ వద్దు. ఇవాళ మానేస్తున్నా. చివర్లో మా ఆయన నిలబడి ఉంటాడు. పడలేదని చెప్పు."

బండి వెళ్ళిపోయింది. ఆవిడ సందులోకి నడిచింది. ఎడమకాలు ఈడ్చుకుంటూనే వచ్చింది, ఏం చేస్తుంది మరి. మెట్లు జాగ్రత్తగా ఎక్కి తలుపు కొట్టింది. లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

అక్క తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడిపోయింది. మెడలో కొలత టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. చెల్లెల్ని చూసి, ఆ సూదులు ఒక్కొక్కటే తీసి స్వెట్టరు అంచుకి గుచ్చుకుంది.

"నీ కాళ్ళ గురించి నేనేమన్నానో గుర్తుందా?"

"గుర్తుంది. కానీ ఈ కాలికి నువ్వు చెప్పలేదక్కా. దీనికి ఇరవై రెండేళ్ళే."

వంగి, పంట్లాం చీలమండ పైకి లాగింది. అక్క కళ్ళజోడు సర్దుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, కిందికి చూసింది.

"నా సైకిలు చక్రంలో పెట్టిన కాలు."

"ఊఁ."

"మానిందా?"

"మానింది. మచ్చే పోలేదు." ఆవిడ పంట్లాం కిందికి దించింది. "ఆ రోజు నువ్వు చేతులు ఊపితే... పరిగెత్తమంటున్నావనుకున్నా అక్కా."

అక్క తన రెండు చేతులూ ముందుకు పెట్టి, వాటివైపు చూసుకుంది.

"నేనెప్పుడు ఊపినా అందుకేగా ఊపింది," అంది చివరికి. "రమ్మని ఎలా పిలవాలో నాకూ తోచలేదే."

కుడికాలు ఎవరినీ అడక్కుండా గడప దాటి లోపల అడుగు పెట్టేసింది. ఎడమకాలు బయటే మెట్టు మీద ఆగింది. ఆవిడ అలాగే గడపకి అటొకటి ఇటొకటిగా నిలబడిపోయింది. గాలి లోపలికి కొట్టి, మిషను మీది కర్టెను గుడ్డ జారి కింద పడింది.

అక్క వెళ్ళి గుడ్డ తీసి, దులిపి, మళ్ళీ మిషను మీద పెట్టింది. తలుపు దగ్గరికి వచ్చి రెక్క పట్టుకుంది.

"ఆ రెండోది కూడా లోపల పెట్టవే. చలేస్తోంది, తలుపు వెయ్యాలి."