మస్తాన్ ఎద్దు

ఎంత నడిచినా పొగాకు ఆరబెట్టే బ్యారన్ గోడ అయిపోవడం లేదు, ఒకచోట సున్నం వాసన, ఇంకోచోట మోకాలిలోతు నీళ్లు, ఆ నీళ్లలో రంగు డబ్బాలు తేలుతుంటే వాటి మధ్య గొంతుక్కూర్చుని మస్తాన్ బీడీ ముట్టిస్తున్నాడు, నిరుడు పోయిన మనిషి, బట్టలు మాత్రం తడవలేదు.

"గోడకు సున్నం నానేశావంట గదా బావా" అంటాడు.

గోడ నాది. గోడ మీద అతను గీసిన ఎద్దూ నాదే. బండలాగుడు పోటీలో కూలబడితే ఆసామి వద్దనుకున్న ఎద్దును, మా తెల్లోడిని, ఇంటికి తోలుకొచ్చి, ముల్లుగర్ర పోట్లకు పసుపూ వేపనూనే పూసి లేపి నిలబెట్టింది నేను. ఇతను వచ్చి ఆ పుండ్లతో సహా పోటీలు జరిగే బీడు భూమికి ఎదురుగా గోడంత బొమ్మ గీశాడు, అది చూసి తోలేవాళ్లు సిగ్గుపడి ముల్లుగర్రలు పక్కన పడేశారు, అప్పట్నుంచి నా కొట్టంలో మేత మేసే ఎద్దును కూడా ఊరంతా మస్తాన్ ఎద్దనే అంటోంది.

"పోటీల కమిటీవాళ్లు బొమ్మ చెరిపేయమన్నారు" అంటాను. "ఈసారి పోటీ గట్టిగా ఉండాలంట."

"అంటే ముల్లుగర్రలు మళ్లా తెస్తారు."

"తెలుసు."

"తెలిసే నానేశావు. నామీద అంత కడుపుమంటా?"

నీళ్లు ఎప్పుడు ఇంకాయో, మేము బ్యారన్ లోపల ఆకు కట్టిన కర్రల కింద నిలబడి ఉన్నాం, బొమ్మ కూడా మాతోపాటు లోపలి గోడకు వచ్చేసింది, ఎద్దు అదే చూపు చూస్తోంది, తల కాస్త వంచి, కళ్ల నిండా నమ్మకంతో. ఆ చూపే నేను ఓర్వలేనిది. ఇన్నేళ్లు మేపాను, నావైపు అలా చూడగా నేనెరగను.

"పెద్ద పనోడివి, ముకుతాడు గీయడం మరిచావు" అంటాను, ఎన్నాళ్లో దాచుకున్న మాట. "ఎద్దును కట్టినోడెవడన్నా అట్టా గీస్తాడా?"

మస్తాన్ నవ్వుతాడు, బీడీ పొగ ఎద్దు ముక్కులోంచి వస్తుంది.

"మరవలేదు బావా. ముక్కు పుండుకు పసుపు పెట్టాలని నువ్వే తాడు విప్పావు చూడు, ఆ పూట గీసుకున్నా."

"అయితే?"

"అయితే ఏంది. అది నన్ను యాడ చూసింది? నేను నీ ఎనకాల నిలబడున్నా."

బొమ్మలోని కళ్లకు ఎదురుగా జరుగుతాను. "బతికుండగా చెప్పలేకపోయావా?"

"గోడకు రంగేసినకాడ్నుంచి నాతో పలికావా నువ్వు?"

"అయినా మస్తాన్ ఎద్దనే గదా అంటారు."

"ఇదిగో, నీ పేరు రాసుకో పో" అని కుంచె నా చేతిలో పెడతాడు, అది చల్లగా ఉంది, దాని నుంచి కారేది రంగో సున్నమో తెలియడం లేదు, చేయి ఎత్తబోతున్నాను.

మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. కొట్టంలో మంచం మీదే ఉన్నాను. మూలన సున్నం డ్రమ్ము ఉంది, లేచి దాని మీద మూత పెట్టాను. ఈ కొట్టం గోడలకు పనికొస్తుంది.

ఆ చప్పుడుకు తెల్లోడు గడ్డిలోంచి తల ఎత్తి, కాస్త వంచి, చూశాడు.

నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను.