పదిహేడు పేర్లు

ఆరో పేరు దగ్గర కుంచె జారింది. నల్లరంగు అక్షరం గాడి దాటి రాతి మీదికి కారింది. ముసలాయన చూపుడువేలికి గుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి, మరకను నెమ్మదిగా తుడిచాడు. మళ్ళీ అదే అక్షరం మొదలుపెట్టాడు.

యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకునే సభకు ముందురోజు, ఏటా ఈ రాతి మీది పదిహేడు పేర్లకూ రంగు నింపేది ఆయనే. సైన్యంలో ఆయన వంటవాడు. తుపాకీ పట్టింది శిక్షణలోనే. తిరిగొచ్చాక ముప్ఫయ్యేళ్ళు దుకాణాల బోర్డులు రాశాడు.

కోడలు స్టూలు కాళ్ళు గట్టిగా పట్టుకుని కింద కూర్చుంది.

"దిగండి మామయ్యా. మిగతావి నేను రాస్తాను. మీరు పడితే మీ అబ్బాయి నన్ను ఇంట్లోకి రానివ్వరు."

"నీ చేతిరాత తెలియందా అమ్మాయ్. నువ్వు రాసిన సామాన్ల చీటీ నువ్వే చదవలేక తిరిగొచ్చావు."

ఆమె నవ్వింది. ఆయన ఒక్కో పేరుకూ ఏదో గొణుగుతున్నాడు. చెవి ఒగ్గి విన్నది. "వీడికి పంచదార వద్దు. వీడికి టీ చల్లారాక కావాలి. వీడికి మూడు చెంచాలు, అదీ చాలదు." ముఖాలు చెరిగిపోయి చాలా కాలమైంది. టీలు మాత్రం గుర్తున్నాయి.

మాజీ సైనికుల కార్యాలయం గుమాస్తా రోడ్డు దాటి వచ్చాడు.

"పెద్దాయనా, రేపు మిమ్మల్ని వేదిక మీదికి పిలుస్తాం. శాలువా కప్పుతాం. ఆ దళంలో మిగిలింది మీరొక్కరే."

"నాకొద్దు బాబూ."

"భలేవారే, కార్డుల్లో అచ్చు కూడా వేశాం," అని గుమాస్తా వెళ్ళిపోయాడు.

"వద్దంటారేం? చలికాలం కప్పుకోవచ్చుగా," అంది కోడలు.

ఆయన స్టూలు దిగాడు. కుంచె డబ్బా మీద ఆనించి, చేతులకేసి చూసుకున్నాడు.

"ఆ చలి పొద్దున వాళ్ళు బయల్దేరి పోవాల్సింది. నేనే ఆపాను. ఐదు నిమిషాలుండండ్రా, టీ తాగి పోదురుగాని అన్నాను. వరసలో నిలబడ్డారు. మూడు చెంచాలవాడు ఇంకా పంచదార కావాలన్నాడు. డబ్బా కోసం వెనక డేరాలోకి వెళ్ళాను. బాంబు సరిగ్గా వరస మీద పడింది."

కోడలు స్టూలు వదిలి లేచింది.

"అత్తయ్యకైనా చెప్పారా?"

"రోజూ నా చేతి టీ తాగందే మంచం దిగేది కాదు. ఎలా చెప్పను?"

"పోనీలెండి. ఆ చలిలో గొంతులో వేడి టీ పడింది కదా, అంతవరకు నయం."

"నలుగురికేనమ్మాయ్. తక్కినవాళ్ళకి ఇంకా పోయలేదు."

ఆమె రంగు తుడిచిన గుడ్డను పిండింది. అందులో పిండడానికేమీ లేదు.

"రేపు మీరు వేదిక ఎక్కొద్దు. మీకు ఒంట్లో బాగాలేదని చెప్పొస్తాను."

"అబద్ధం ఎందుకు? ఆయన కిందే నిలబడతాడట, పేరు పిలవొద్దు అని చెప్పు. చాలు."

కార్యాలయంలో గుమాస్తా మొదట విసుక్కున్నాడు. ఆమె గంటసేపు బల్ల ముందు నుంచి కదలకపోయేసరికి, పట్టికలో మామయ్య పేరు మీద గీత కొట్టాడు.

తిరిగొచ్చేసరికి మామయ్య కింది వరుస దగ్గర, గోనెపట్టా మడిచి వేసుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. నుదురు రాతికి ఆనింది. అక్షరం కనపడక దగ్గరగా చూస్తున్నాడనుకుంది.

"ఒప్పుకున్నాడు మామయ్యా. మిమ్మల్ని పిలవరు."

ఆమె భుజం పట్టి కదిపింది, తల రాతి మీదే పక్కకు ఒరిగింది. కుంచె చేతిలోనే ఉంది. రంగు ముంజేయి మీదుగా మోచేతిదాకా కారింది. ఆయనెప్పుడూ అలా కారనివ్వడు.

మర్నాడు సభ ఆగలేదు. గుమాస్తా మాట నిలబెట్టుకున్నాడు, వేదిక మీద ఆయన పేరు పలకలేదు. పదిహేడు పేర్లూ చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఆఖరి పేరులో సగం ఇంకా రాతి రంగులోనే ఉంది. అంత దూరం నుంచి అది ఎవరికీ కనిపించలేదు.

కుర్చీలు మోసుకుపోయాక, రాతి అడుగున, పూలదండల పక్కన ఆ గోనెపట్టా మిగిలింది. దాని మడత మీద మోకాళ్ళు నొక్కిన గుంటలు రెండు, పక్కపక్కనే.